ఎవరి చేతిలో పడుతుందోనని

చలం పుస్తకాలు తెలుగు ఇళ్లలో బీరువా ముందు వరసలో ఉండేవి కావు. పరుపు కింద ఉండేవి, అటక మీది ట్రంకుపెట్టెలో ఉండేవి, పేపరు అట్ట వేసుకుని క్లాసు పుస్తకాల మధ్య ఉండేవి. తండ్రి చదివి కూతురి కంట పడకుండా దాచేవాడు. కూతురు వెతికి పట్టుకుని, చదివి, తండ్రికి తెలియకుండా మళ్లీ అక్కడే పెట్టేసేది. అలాంటి ఇంట్లో ‘మైదానం’ చదవనివాళ్లు లేరు, చదివామని ఒప్పుకున్నవాళ్లూ లేరు. గుడిపాటి వెంకటచలం (1894–1979) చుట్టూ తెలుగువాళ్లు పోట్లాడుకోవడం మొదలై వందేళ్లు కావస్తోంది. ఆ పోట్లాటనంతా ఒకచోట పెట్టి చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ‘ఈ పుస్తకం నన్ను పాడు చేసింది’ అన్న పాఠకుడు దాదాపు ఎక్కడా తగలడు. ఫిర్యాదంతా ఇంకొకరి తరఫునే.

భార్య చదివితే ఏమైపోతుందో, పెళ్లి కావలసిన పిల్ల చదివితే ఏమైపోతుందో, ఇంకా మీసాలు రాని కుర్రాడి చేతిలో పడితే ఏమవుతుందో అన్న బెంగ అది. బెంగపడినవాళ్లు ఆ పుస్తకాన్ని ఆఖరి పేజీ దాకా చదివే ఉంటారు. వాళ్ల సంసారాలు కూలలేదు, వాళ్ల బుద్ధి చెడలేదు. తమ మీద తమకున్న నమ్మకం పక్కగదిలో ఉన్న మనిషి మీద మాత్రం లేదు. చలం వ్యతిరేకుల్లోనే కాదు, ఆయన భక్తుల్లోనూ ఈ గుణం ఉంది. వాళ్లూ తరచు ఇంకొకరి కోసమే చదివారు. ఆయన పుస్తకం ఫలానా ఆమె చదివితే బాగుపడుతుందని, ఆమె కళ్లు తెరుచుకుంటాయని సిఫారసు చేశారు. తిట్టినవాడు, పొగిడినవాడు ఇద్దరూ ఆ ‘ఆమె’ గురించే మాట్లాడారు. ఆమె ఏమనుకుందో అడగడానికి చాలాకాలం పట్టింది.

‘మైదానం’ 1927లో వచ్చింది. రాజేశ్వరి బ్రాహ్మణ ఇల్లాలు, పరువున్న వకీలు భార్య. భర్త రాక్షసుడై ఉంటే, తాగుబోతై రోజూ చావబాదేవాడై ఉంటే, ఆనాటి పాఠకుడు ఆమెను క్షమించేవాడేమో. కష్టం భరించలేక పోయిందిలే, పాపం, అనుకునే వీలుండేది. చలం ఆ వీలు ఇవ్వలేదు. రాజేశ్వరి అమీర్ అనే ముస్లిం యువకుడి వెంట వెళ్లిపోతుంది, ఎందుకంటే ఆమెకు అతను కావాలి. ఊరికి దూరంగా బయల్లో అతనితో కాపురం పెడుతుంది. తర్వాత మీరా అనే కుర్రవాడు వాళ్ల బతుకులోకి వస్తాడు. చివర అమీర్ చనిపోతాడు, ఆ చావు నేరాన్ని రాజేశ్వరి తన మీద వేసుకుంటుంది. ఈ సంఘటనలన్నిటికంటే పాఠకులను మండించింది ఆ కథ చెప్పిన తీరు. చెబుతున్నది రాజేశ్వరే. గొంతులో ఎక్కడా పశ్చాత్తాపం లేదు. తప్పు చేశానని ఏడవదు, కనికరించమని అడగదు. వెళ్లిపోయిన ఆడదాని కథ తెలుగులో అంతకుముందూ ఉంది. వెళ్లిపోయి, తలెత్తుకుని, ఎదురుగా కూర్చుని తన నోటితో చెప్పే ఆడది కొత్త.

ఆనాటి చట్టాన్ని పక్కన పెట్టుకుని చదివితే ఆ గొంతు ఎంత కొత్తదో ఇంకా బాగా తెలుస్తుంది. 1927 నాటికి బాల్యవివాహాల మీద శారదా చట్టం రాలేదు. అది 1929లో వచ్చింది. హిందూ స్త్రీకి దేశమంతటా విడాకుల హక్కు దొరికింది 1955 హిందూ వివాహ చట్టంతో. అంటే రాజేశ్వరికి కోర్టు గుమ్మం ద్వారా బయటపడే దారి లేదు. ఇక భారత శిక్షాస్మృతిలోని 497వ సెక్షన్ ప్రకారం, భర్త అనుమతి లేకుండా అతని భార్యతో సంబంధం పెట్టుకున్న మగవాడు నేరస్తుడు. ఆ భార్య నేరస్తురాలు కాదు, కనీసం సహకరించిన మనిషిగా కూడా ఆమెను శిక్షించకూడదు. చూడటానికి ఇది దయలా ఉంటుంది. నిజానికి ఆ సెక్షన్‌లో ఆమె ఇష్టానికి చోటే లేదు. నష్టపోయినవాడు భర్త, అపహరించినవాడు ప్రియుడు, మధ్యలో ఆమె ఒక ఆస్తి. సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది 2018 సెప్టెంబరులో. అంతకు 91 ఏళ్ల ముందు ఒక తెలుగు నవలలో ఒక స్త్రీ, నన్నెవరూ ఎత్తుకుపోలేదు, నేనే వెళ్లాను అనే అర్థంలో మాట్లాడింది. ఆమె తన నేరాన్ని తనకు దక్కించుకుంది. పాఠకులకు మింగుడుపడనిది అదే.

శృంగారం తెలుగు పాఠకుడికి కొత్త కాదు. ప్రబంధాలు చదువుకుని పెరిగిన పండితులకు ‘మైదానం’లోని వర్ణనలు ఏపాటివి? నాయిక అంగాంగ వర్ణన, సంభోగ వర్ణన లేని ప్రబంధం అరుదు. వాటిని పరీక్షలకు పెట్టారు, సభల్లో రాగయుక్తంగా చదివారు, తాత్పర్యాలు రాశారు. అయితే ఆ పద్యానికి ఒక తలుపు ఉంది. సంస్కృత సమాసం తెలిసినవాడికే అది తెరుచుకుంటుంది. చలం ఆ తలుపు లేకుండా రాశాడు. ఇంట్లో ఆడవాళ్లు మాట్లాడుకునే తెలుగులో, చిన్న చిన్న వాక్యాల్లో, ఐదో క్లాసుతో చదువు ఆగిపోయిన అమ్మాయికి కూడా తడుముకోకుండా తెలిసేట్టు రాశాడు. అవి గ్రంథాలయోద్యమం ఊళ్లు చుడుతున్న రోజులు. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో మొదలైంది. 1928లో ‘గృహలక్ష్మి’ మాసపత్రిక ఆడవాళ్ల కోసమని వచ్చింది. చదవగలిగిన ఇల్లాళ్ల సంఖ్య పెరుగుతున్నప్పుడే చదవగలిగే భాషలో చలం వచ్చాడు. వ్యావహారిక భాషా వాదాన్ని గిడుగు రామమూర్తి తర్కంతో గెలిపిస్తే, చలం ఆ భాషకు ఉన్న ప్రమాదం ఏమిటో చూపించాడు. ఆయన రాతను అసహ్యించుకున్నవాళ్లు కూడా ఆయన వచనాన్ని మెచ్చుకోకుండా ఉండలేకపోయారు. ఆ మెప్పులో కొంత భయం ఉంది. ఇంత బాగా రాస్తే నమ్మేస్తారేమోనన్న భయం.

చలానికి ముందే తెలుగులో ఈ గొడవ ఒకసారి జరిగింది. దాని కథ తెలిస్తే చలం కథ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

తంజావూరును ఏలిన ప్రతాపసింహుడి కొలువులో, 18వ శతాబ్దంలో, ముద్దుపళని అనే కవయిత్రి ‘రాధికా సాంత్వనము’ రాసింది. అందులో కోరిక రాధది. అలగడం, అడగడం, చొరవ చెయ్యడం అన్నీ ఆమెవే. వంద సంవత్సరాలు దాటాక కందుకూరి వీరేశలింగం తన కవుల చరిత్రలో ముద్దుపళనిని సిగ్గులేనిదని దులిపేశాడు. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించి, ఊరంతా ఎదురుతిరిగినా వెనక్కి తగ్గని మనిషే ఆయన. ఆయన ధైర్యాన్ని శంకించే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ తరం సంస్కర్తలకు రక్షించవలసిన స్త్రీ కళ్ల ముందు ఎప్పుడూ ఉండేది. కోరుకునే స్త్రీ ఎదురైతే వాళ్లకు ఏం చెయ్యాలో తోచలేదు. చలం కూడా ఆ బడి నుంచే వచ్చాడన్నది మరిచిపోకూడదు. కాకినాడ పిఠాపురం రాజావారి కాలేజీలో రఘుపతి వెంకటరత్నం నాయుడి ప్రభావంలో, బ్రహ్మసమాజం మాటలు వింటూ ఎదిగినవాడు. కులాన్ని, జంధ్యాన్ని వదులుకోవడం అక్కడే నేర్చుకున్నాడు. ఆ గురువులు నైతిక పవిత్రత దగ్గర ఆగిన చోట శిష్యుడు ఆగలేదు.

ముద్దుపళనికి దొరికిన పాఠకురాలు బెంగుళూరు నాగరత్నమ్మ. దేవదాసి కుటుంబంలో పుట్టిన సంగీత విద్వాంసురాలు. ఆమెకు మొదట చిక్కింది కత్తిరింపుల పాలైన ప్రతి. అది చాలక మూలప్రతి కోసం వెతికి సంపాదించింది. తప్పించిన పద్యాలను మళ్లీ చేర్చి 1910లో వావిళ్లవారి ద్వారా అచ్చు వేయించింది. ముందుమాటలో ఆమె వీరేశలింగాన్ని నేరుగా నిలదీసింది. మగకవి రాసిన ‘వైజయంతీ విలాసము’ను ఆయనే చూసి అచ్చుకు సమ్మతించాడు కదా, అందులో ఉన్నది ఇందులో ఉన్నదానికంటే తక్కువ మోటా, సిగ్గు అన్నది ఆడవాళ్లకే ఉండాలా అన్న అర్థంలో అడిగింది. ప్రభుత్వం ఆమె ముద్రణను నిషేధించింది, ప్రతులను పట్టుకుపోయింది. టంగుటూరి ప్రకాశం హయాంలో, 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. 1952లో వావిళ్లవారు మళ్లీ అచ్చు వేశారు. నాగరత్నమ్మ చేసిన పని గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆమె ఆ కావ్యాన్ని ఎవరి తరఫునా చదవలేదు. తనకు నచ్చి చదివింది, నచ్చిందని తన పేరుతో అచ్చులో చెప్పింది. తెలుగులో ఒక వివాదాస్పద రచనకు అంత మంచి పాఠకురాలు అంతకుముందు దొరకలేదనిపిస్తుంది.

ఇంకొకరి తరఫున చదివే అలవాటు తెలుగువాళ్ల సొత్తేమీ కాదు. ‘మైదానం’ వచ్చిన మరుసటి ఏడే, 1928లో, డి.హెచ్. లారెన్స్ ‘లేడీ చాటర్లీస్ లవర్’ ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ప్రైవేటుగా అచ్చయింది. అక్కడా గొప్పింటి భార్య, ఆమె కోరిక, తక్కువ కులంవాడన్నట్టుగా చూడబడే ఒక మగవాడు. ఆ నవలను పెంగ్విన్ సంస్థ కత్తిరింపులు లేకుండా అచ్చు వేసినందుకు 1960లో లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టులో విచారణ జరిగింది. ప్రాసిక్యూటర్ మెర్విన్ గ్రిఫిత్-జోన్స్ జ్యూరీని ఒక ప్రశ్న అడిగాడు. ఈ పుస్తకాన్ని మీ భార్య గానీ మీ ఇంటి నౌకర్లు గానీ చదవాలని మీరు కోరుకుంటారా అన్నది దాని సారం. ఆ మాట అంటున్నప్పుడు జ్యూరీలో ముగ్గురు ఆడవాళ్లు ఆయన ఎదురుగానే కూర్చుని ఉన్నారు. జ్యూరీ పెంగ్విన్‌ను నిర్దోషిగా విడిచిపెట్టింది.

మన దేశంలో అదే పుస్తకం ఇంకోలా తేలింది. దాన్ని అమ్మినందుకు బొంబాయి పుస్తకాల వ్యాపారి రంజిత్ ఉదేశీ మీద కేసు నడిచింది. 1964లో సుప్రీంకోర్టు శిక్షను ఖాయం చేసింది. కోర్టు పట్టుకున్న కొలమానం 1868 నాటి ఇంగ్లండు తీర్పుది, హిక్లిన్ పరీక్ష అంటారు దాన్ని. చెడు ప్రభావానికి లోనయ్యే మనసులున్న వాళ్ల చేతిలో పడితే ఈ రచన వాళ్లను చెడగొడుతుందా అని చూడాలంటుంది అది. చట్టం సాక్షాత్తూ పరుపు కింద పుస్తకం దాచిన తండ్రి గొంతుతోనే మాట్లాడింది. ఆ కొలమానాన్ని సుప్రీంకోర్టు పక్కన పెట్టింది 2014లో. ఆ ఏడాది చివర్లోనే తమిళనాడు తిరుచెంగోడులో పెరుమాళ్ మురుగన్ ‘మాదొరుబాగన్’ నవల మీద గొడవ చెలరేగింది. నవల వచ్చి అప్పటికి నాలుగేళ్లు. ఏరుకున్న కొన్ని పేజీలను జెరాక్సులు తీసి ఊళ్లో పంచారు. తనలోని రచయిత చనిపోయాడని మురుగన్ 2015 జనవరిలో ప్రకటించాడు. 2016 జులైలో మద్రాసు హైకోర్టు, నచ్చనివాళ్లు పుస్తకం మూసెయ్యవచ్చు గాని రచయిత నోరు మూయించకూడదని తీర్పు చెప్పాక ఆయన మళ్లీ కలం పట్టాడు. నవలంతా చదివినవాడికి ఆ పేజీలు ఒక పిల్లల్లేని జంట దుఃఖంలో భాగంగా కనబడతాయి. పేజీ విడిగా అందుకున్నవాడికి అలా కనబడదు. చలానికి కూడా ఇదే జరుగుతూ వచ్చింది, కోర్టు లేకుండా, జెరాక్సు లేకుండా, చెవిన వేసిన వాక్యాల రూపంలో.

చలానికి ఎదురు నిలిచినవాళ్లందరూ ఒక్క తీరు కాదు. విశ్వనాథ సత్యనారాయణ ‘చెలియలికట్ట’ను చాలామంది విమర్శకులు ‘మైదానా’నికి జవాబుగానే చదువుతారు. గీత దాటిన స్త్రీ కథనే తీసుకుని, ఆ గీత ఎందుకు ఉందో స్థాపించడానికి విశ్వనాథ ఒక నవల రాశాడు. ఇది చాలా గౌరవించదగిన పని. పుస్తకాన్ని తగలబెట్టమనలేదు, పుస్తకం మీద పుస్తకం పెట్టాడు. చలాన్ని అంత గట్టిగా తీసుకున్నవాడు గనుకే అంత శ్రమపడ్డాడు. ఈ రెండు నవలలను ఒకే వారంలో చదివిన పాఠకుడికి 1920, 30ల తెలుగు మనసు ఎంత లోతుగా తనతో తాను తగువు పడిందో అర్థమవుతుంది. ఇప్పుడు ఆ రెండింటినీ కలిపి చదివేవాళ్లు తగ్గారు. ఒక శిబిరం ఒకటి, ఇంకో శిబిరం ఇంకొకటి పట్టుకున్నాయి. ఇది నష్టమే.

ఇక పొగిడినవాళ్ల సంగతి. తరం తరంలోనూ చలం పేరును అవసరానికి వాడుకున్న మగవాళ్లు ఉన్నారు. స్వేచ్ఛ గురించి ఆయన రాసినవన్నీ ఎదుటి స్త్రీకి వల్లించి, ఇంట్లో భార్యకు ఒక్కటీ వర్తింపజెయ్యనివాళ్లు. వీళ్లను చూసి చలం అంటే ఇదేనని చాలామంది ఆడవాళ్లు ఆయన పుస్తకానికి దూరంగా ఉండిపోయారు. ఇది నిందించదగిన విషయం, నిందించాలి కూడా. ‘స్త్రీ’ అనే పుస్తకంలో ఆయన అడిగింది మగవాడికి ఇంకొక సుఖం కాదు. ఆడదానికి శరీరం, మెదడు, హృదయం మూడూ ఉన్నాయని, మూడింటికీ ఎదిగే అవకాశం ఉండాలని అడిగాడు. ఆ వాక్యాలు ఎంతగా జనంలోకి వెళ్లాయంటే పుస్తకం చూడనివాళ్లు కూడా వాటిని చెబుతుంటారు. మూడింటిలో మొదటిదే గుర్తుపెట్టుకుని మిగతా రెండూ మరిచినవాళ్ల తప్పు చలం ఖాతాలో రాయడం అన్యాయం.

ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల రాశుల్లో చలం తరచు దొరుకుతాడు. అలా దొరికే ఒక ‘మైదానం’ ప్రతిని తెరిచి చూస్తే చాలు, పాఠకుల చరిత్ర అంతా అందులోనే ఉంటుంది. అట్ట ఊడి, దారంతో మళ్లీ కుట్టి ఉంటుంది. మొదటి పేజీలో పేరు రాసి, తర్వాత ఆ పేరును సిరా పాతుకుపోయేలా కొట్టేసి ఉంటుంది. మొదటి సగంలో, రాజేశ్వరి సంతోషంగా ఉన్న పేజీల్లో, పెన్సిలు గీతలు దట్టంగా ఉంటాయి. పేజీల కొసలు వేళ్ల మురికితో నల్లబడి ఉంటాయి. రెండో సగంలోకి వెళ్లేకొద్దీ గీతలు పలచబడతాయి, కాగితం తెల్లబడుతుంది. అక్కడక్కడ మాత్రం వేరే చేతిరాతలో, నీలం బాల్‌పెన్‌తో, ఒక ప్రశ్నార్థకం కనిపిస్తుంది. అమీర్ గర్భం తీయించుకోమని పట్టుబట్టే చోట అలాంటి ప్రశ్నార్థకం ఉండటం సహజం. పెన్సిలు పట్టుకున్నవాళ్లకు మొదటి సగంతో పని తీరిపోయింది. పెన్ను పట్టుకున్న మనిషికి అసలు నవల అక్కడ మొదలైంది.

ఆ ప్రశ్నే తర్వాత తెలుగు విమర్శలో పెద్దదైంది. రాజేశ్వరి ఒక ఇంటి నుంచి బయటపడింది సరే, అమీర్ దగ్గర ఆమెకు దొరికింది ఏమిటి? అతని కోపాన్ని ఆమె భరిస్తుంది. బిడ్డను కనాలా వద్దా అన్నదాంట్లో అతని మాటే నెగ్గాలంటాడు. అతను ఇంకొక అమ్మాయి మీద మనసు పడితే ఆమే దారి చూపబోతుంది. ఇదంతా ప్రేమేనని రాజేశ్వరి అంటుంది. ఆమె మాటను ఎంతవరకు నమ్మాలి, చలం ఎంతవరకు నమ్మాడు? రంగనాయకమ్మ మార్క్సిస్టు దృష్టితో ఆయన రచనలన్నిటినీ పరిశీలించి ‘చలం సాహిత్యం’ అని పుస్తకమే రాశారు. ఆమె ఆయనను కొట్టిపారెయ్యలేదు, నెత్తిన పెట్టుకోనూ లేదు. పుస్తకం తర్వాత పుస్తకం చేతిలోకి తీసుకుని వాదించారు. 1980ల నుంచి వచ్చిన స్త్రీవాదులు, ఓల్గా వంటివాళ్లు, చలాన్ని తమ ముందు తరం మనిషిగా గుర్తించారు. ఆయన తెరిచిన చర్చను ఆయన ఆగిన చోటి నుంచి ముందుకు తీసుకువెళ్లారు. ప్రియుడు మంచివాడైతే చాలా, చదువు, జీతం, ఇల్లు, తన శరీరం మీద తన నిర్ణయం, ఇవి లేకుండా ప్రేమ ఒక్కటే స్వేచ్ఛ అవుతుందా అని అడిగారు.

వాళ్లకు దక్కిన మర్యాద చూస్తే చలం నాటి నుంచి ఎంత దూరం వచ్చామో తెలుస్తుంది. జయప్రభ పైట మీద కవిత రాస్తే తిట్లు తప్పలేదు. ఓల్గా సంపాదకత్వంలో 1993లో ‘నీలిమేఘాలు’ స్త్రీవాద కవితా సంకలనం వచ్చింది. ఆ తరహా కవిత్వానికి ‘నీలి’ అన్న ముద్ర వెయ్యడానికి విమర్శకులు వెనుకాడలేదు. ఆడవాళ్లు ప్రసవం గురించి, నెలసరి గురించి, పడగ్గది గురించి తమ గొంతుతో రాస్తే మళ్లీ అదే బెంగ మొదలైంది. చలం మీద వేసిన నింద మగవాడి పేరు మీద ఉంది గనుక అందులో ఎంతో కొంత సాహసం పట్ల మెప్పు కలిసి ఉండేది. ఆడవాళ్ల విషయంలో ఆ మెప్పు కూడా దొరకలేదు. ముద్దుపళనికి జరిగిందే మళ్లీ జరిగింది.

పాఠకుడంటే ఎలా ఉండాలో చలం తానే ఒకసారి చూపించాడు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానా’నికి ఆయన ‘యోగ్యతాపత్రం’ రాసింది 1940లో. పుస్తకం అచ్చయి బయటికి వచ్చింది 1950లో. ఆ ముందుమాట కవితలతో సమానంగా పేరు తెచ్చుకుంది. అందులో చలం ఛందస్సు లెక్కలు తియ్యడు. ఈ కవిత్వం సమాజానికి మేలా కీడా అని తీర్పు చెప్పడు. తనకు ఏం జరిగిందో చెబుతాడు. ఈ పద్యాలు చదువుతుంటే తన లోపల ఏది కదిలిందో, ఏది కూలిందో చెబుతాడు. తన పుస్తకాలకు అలాంటి పాఠకుడు కావాలని ఆయన ఎదురు చూసి ఉంటాడు.

అలాంటివాళ్లు ఉత్తరాల్లో దొరికారు. స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా ఊళ్లు తిరుగుతున్న రోజుల్లో బంధువులు, కులంవాళ్లు ఆయనను దూరం పెట్టారు. ఆ దూరం మీదుగానే ఎక్కడెక్కడి నుంచో మనుషులు రాశారు. 1950లో ఆయన కుటుంబంతో అరుణాచలం వెళ్లి రమణాశ్రమం దగ్గర స్థిరపడ్డాక కూడా ఉత్తరాలు, మనుషులు రావడం ఆగలేదు. అక్కడ ఉన్న దాదాపు ముప్పై ఏళ్లూ ఆయన జవాబులు రాశాడు. ఆ లేఖలు సంపుటాలుగా వచ్చాయి. ‘మైదానం’ చదివి తిట్టినవాళ్లు, చివరికి దారికొచ్చాడని సంతోషించారు. చదివి పూజించినవాళ్లు, మోసం చేశాడని మండిపడ్డారు. ఇద్దరూ ఆయన తమ తరఫున బతకాలనుకున్నారు. ఆ ఉత్తరాలు చదివితే కనిపించే మనిషి వేరు. దేవుణ్ని వెతుకుతున్నా పాత ప్రశ్నలను వదలడు, రాసినదాన్ని కాదనడు, తెలియనిచోట తెలియదంటాడు.

ఆయన కథ ‘దోషగుణం’ 2004లో ఇంద్రగంటి మోహనకృష్ణ చేతిలో ‘గ్రహణం’ సినిమా అయింది. ఉత్తమ తొలి చిత్ర దర్శకుడికిచ్చే ఇందిరాగాంధీ జాతీయ పురస్కారం దానికి వచ్చింది. జ్వరంతో మంచాన పడ్డ కుర్రాడికి, వయసులో పెద్దదైన ఒక ఇల్లాలితో సంబంధమే జబ్బు తెచ్చిందని చుట్టూ ఉన్నవాళ్లు నమ్మేస్తారు. ఆమె మాట ఎవరూ వినరు. ఆ అనుమానం ఆమె బతుకును ఏం చేసిందన్నది కథ. సినిమా చూసినవాళ్లు ఆమె మీద జాలిపడ్డారు. జాలిపడటం సులువు, ఆమె ఏమీ కోరలేదు కదా. రాజేశ్వరి మీద అంత సులువుగా జాలి పుట్టదు. చలం పుస్తకాల్లో పాఠకులను విడదీసే గీత ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆయన పుస్తకాల్లో ఎవరికీ కోపం తెప్పించనిది ఒకటుంది, ‘బిడ్డల శిక్షణ’. అందులో చలం తల్లిదండ్రులను పట్టుకుంటాడు. పిల్లల్ని కొట్టవద్దంటాడు, భయపెట్టవద్దంటాడు, తమ పరువు కోసం పిల్లల చేత అణకువ నటింపజెయ్యవద్దంటాడు. ‘మైదానం’ కంటే ఈ పుస్తకం ఇంటి పునాదిని ఎక్కువగా కదిలిస్తుంది. అయినా దాన్ని ఎవరూ పరుపు కింద దాచలేదు. ఇది భార్య చేతిలో పడుతుందేమో, కూతురి చేతిలో పడుతుందేమో అని బెంగపడే పుస్తకం కాదు. దాన్ని చేతిలోకి తీసుకున్న తండ్రి తానే ముద్దాయి. తెలుగు పాఠకులు దాని మీద సభలు పెట్టుకోలేదు, శిబిరాలు కట్టలేదు, మంచి మాటలే చెప్పాడని ఒప్పుకుని పక్కన పెట్టారు. బడిలో పిల్లల్ని కొట్టకూడదని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో రాసుకున్నది 2009లో. ఆ తర్వాత కూడా హోంవర్కు చెయ్యలేదని, ర్యాంకు రాలేదని మన బళ్లలో బెత్తం లేస్తూనే ఉంది, ఇళ్లలో చెయ్యి లేస్తూనే ఉంది. చలం మీద వాదించడానికి ఇంకా ఉత్సాహం ఉన్నవాళ్లు రాజేశ్వరిని కొన్నాళ్లు వదిలిపెట్టి, ఈ చిన్న పుస్తకం దగ్గర మొదలుపెట్టవచ్చు.